తనకి అదే ఇష్టం

"మాడిన ముక్క మీ అమ్మకి వెయ్యి, తనకి అదే ఇష్టం," అన్నారు మా ఆయన, పేపర్లోంచి తల ఎత్తకుండా.

ఆ పొద్దున బ్రెడ్డు కాల్చింది మా అమ్మాయి. పదో తరగతి పిల్ల. ఒక కన్ను పుస్తకం మీద, ఒక కన్ను పెనం మీద పెట్టేసరికి ఒక ముక్క బొగ్గయి కూర్చుంది. నేను సింకు దగ్గర వాళ్ళ టిఫిన్ డబ్బాలు తుడుస్తూ, మధ్యలో అత్తయ్య మాత్రలు తీసిపెడుతూ, పొయ్యి మీద పాలు పొంగకుండా చూసుకుంటున్నాను. మాడిన ముక్క నా ప్లేట్లో పడింది. నిలబడే తినేశాను. రుచి గురించి ఏమీ అనుకోలేదు. మా ఇంట్లో నా ఇష్టాయిష్టాలు అందరికీ కంఠతా వచ్చు. బస్సులో కిటికీ పక్కన కూర్చుంటే నాకు కళ్ళు తిరుగుతాయి. మంచం మీద తలుపు వైపు పడుకుంటేనే నాకు నిద్ర పడుతుంది. ఊళ్ళు తిరగడం నాకు సరిపడదు. ఫొటోల్లో పడటం నచ్చదు, అందుకే తీసేది నేనే. ఇవన్నీ నేను ఎప్పుడు చెప్పానో గుర్తులేదు. ఇంతమంది ఇంత గట్టిగా చెప్తున్నారంటే నేనే ఎప్పుడో చెప్పి ఉంటానని అనుకునేదాన్ని. ఇక నాకు ఒంట్లో ఏదో తెలియని గుబులుగా ఉన్నా, గొంతులో ఏదో అడ్డం పడినట్టున్నా, ఊరికే కళ్ళలో నీళ్ళు తిరిగినా, ఏమైందని అడిగితే నా దగ్గర ఒకటే మాట ఉండేది. తలనొప్పి. మందుల డబ్బాలో నా మాత్రల అట్ట ఎప్పుడూ అందరికంటే ముందే అయిపోయేది.

"ఆదివారం తమ్ముడు వాళ్ళు వస్తున్నారు. ఆ మేడ ఇంటి సంగతి తేల్చేద్దాం. మధ్యాహ్నానికల్లా మాట చెప్పమన్నాడు ఓనరు," అన్నారు మళ్ళీ ఆయనే.

మా మరిది కుటుంబమూ మేమూ కలిసి ఒకే పెద్ద ఇంట్లో అద్దెకి దిగాలని కొన్నాళ్ళుగా అనుకుంటున్నారు. అన్నదమ్ములిద్దరూ కలిసి ఉంటే వాళ్ళమ్మకి సంతోషమని. నన్ను అడగలేదని చెప్తే అబద్ధమవుతుంది. "నీకు ఇల్లంతా సందడిగా ఉంటే ఇష్టం కదా," అన్నారు. అది ప్రశ్నే అనుకుని నేను "సరే" అన్నాను.

నేను ఓ పెద్ద ఆసుపత్రిలో టెలిఫోన్ ఆపరేటర్ని. ఎవరు ఫోన్ చేసినా ముందు వినపడేది నా గొంతే. "చెప్పండి, మీకు ఏ విధంగా సాయపడగలను" అని రోజుకి ఎన్నిసార్లు అంటానో లెక్కలేదు. చేరిన కొత్తలో మా మేనేజరు, "నవ్వుతూ మాట్లాడమ్మా, నవ్వు ఫోన్లో కూడా వినపడుతుంది," అని నేర్పించారు. అప్పట్నించీ పెదాలు సాగదీసి, గొంతు సన్నం చేసి, మాట చివర కాస్త బెల్లం పూసి మాట్లాడటం అలవాటైపోయింది. ఆ గొంతుకి మా మేనేజరు పెట్టిన పేరు తేనెపట్టు. ఈ మధ్య ఆసుపత్రిలో కొత్త మెషీను పెట్టారు. ఫోన్ చేస్తే ముందు రికార్డు చేసిన గొంతే, ఏ డాక్టరు కావాలంటే ఏ నంబరు నొక్కాలో చెప్తుంది. దానికి ఎవరి గొంతు పెట్టాలన్న మీమాంసే రాలేదు. "మన తేనెపట్టు ఉండగా ఇంకొకరెందుకు," అన్నారాయన. ఆ రోజు నన్ను ఆసుపత్రి కారులో రికార్డింగుకి పంపించారు. నాకు లోపల సంబరంగానే ఉంది. ఇంట్లో చెప్పలేదు. చెప్తే, "నీకు ఇలాంటివి ఇబ్బంది కదా," అంటారేమోనని.

సంగీత వాయిద్యాల కొట్టు పైన చిన్న గది అది. గోడల నిండా గుడ్ల అట్టల్లాంటి స్పాంజి. మధ్యలో అద్దం. అద్దానికి ఇవతల నేను, మైకు, ఒక స్టూలు. అవతల సౌండ్ ఇంజనీరు. ముప్పై దాటని అమ్మాయి, జుట్టు ముడేసి దానిలో పెన్సిల్ గుచ్చుకుంది. నా చెవులకి హెడ్‌ఫోన్ తగిలించి వెళ్ళి కూర్చుంది.

"ముందు లెవెల్ చూసుకుంటానండి. ఏదో ఒకటి మాట్లాడండి. పొద్దున ఏం తిన్నారో చెప్పండి, చాలు."

"బ్రెడ్డు తిన్నానండీ," అన్నాను, ఫోన్ గొంతుతో.

"ఇంకొంచెం ఎక్కువ కావాలి. ఎలా ఉంది బ్రెడ్డు?"

"కాస్త మాడిందండీ. నాకు మాడిందే ఇష్టం."

ఆ అమ్మాయి మీటలు తిప్పడం ఆపి అద్దంలోంచి నన్ను చూసింది. "నిజంగానా? మాడింది ఇష్టపడేవాళ్ళని నేనెప్పుడూ చూడలేదు. ఎలా ఉంటుంది రుచి?"

వెక్కిరింపు కాదు, నిజంగా తెలుసుకోవాలనే అడిగింది. నేను చెప్పబోయి ఆగిపోయాను. ఎలా ఉంటుంది? ఇన్నేళ్ళుగా తింటున్నాను. పొద్దుటి ముక్కని మళ్ళీ నోట్లోకి తెచ్చుకున్నాను.

"చేదుగా ఉంటుంది," అన్నాను. "నాలిక మీద బొగ్గు రాసుకున్నట్టు ఉంటుంది. పళ్ళ కింద ఇసకలా నలుగుతుంది. అసలు మింగుడు పడదు, నీళ్ళు తాగి దింపుతాను." ఇంకా ఏదో మిగిలి ఉంది. అదీ వచ్చేసింది. "అసలు నాకు అది ఇష్టం లేదు."

"మరి ఇష్టమన్నారు?"

"మా ఆయన అంటారు."

ఆ అమ్మాయి మీట మీద చెయ్యి అలాగే ఉంచి, ఊఁ, చెప్పండి, అన్నట్టు తలూపింది. అంతే. ఇక నన్ను ఎవరూ ఆపలేకపోయారు. పెళ్ళయిన కొత్తలో ఒకసారి ముక్క మాడితే పారేయడం ఎందుకని నేను తిన్నాను. రెండోసారీ తిన్నాను. మూడోసారికి అది నా ఇష్టమైపోయింది. మంచం మీద తలుపు వైపు నాకిష్టం, ఎందుకంటే రాత్రి అత్తయ్య పిలిస్తే లేవాల్సింది నేను. సందడి నాకిష్టం, ఎందుకంటే సందడిలో ఉన్నవాళ్ళకి టీలు పెట్టాల్సింది నేను. ఇలా ఒక్కోటీ చెప్తుంటే నాకే నవ్వొచ్చింది. నవ్వు కాస్తా పెద్దదైంది, పొట్ట పట్టుకుని నవ్వాను. నవ్వుతూ నవ్వుతూ ఏడ్చేశాను. "సారీ అమ్మా, తలనొప్పిగా ఉంది," అన్నాను, కళ్ళు తుడుచుకుంటూ.

"ఎక్కడ నొప్పి?" అంది ఆ అమ్మాయి, డాక్టరు అడిగినట్టు.

చెయ్యి తల మీద పెట్టబోయాను. తలలో ఏమీ లేదు. అప్పుడు నా చెయ్యి తనంతట తనే వచ్చి గుండెల మీద ఆగింది. అక్కడ ఏదో వేడిగా, బిగుతుగా ఉంది. పిడికిలి పట్టుకున్నట్టు ఉంది. అది నొప్పి కాదు. అది కోపం. ఎన్నేళ్ళ నుంచో ఉన్న కోపం. దాన్ని గుర్తుపట్టగానే, నిజం చెప్తున్నాను, నాకు భయం వెయ్యలేదు. తప్పిపోయిన చుట్టాన్ని బస్టాండులో చూసినట్టు ఒళ్ళంతా జల్లుమంది.

ఆ అమ్మాయి రికార్డు చేసింది వినిపించింది. మొదట సన్నగా, ముక్కులోంచి ఒక గొంతు, "బ్రెడ్డు తిన్నానండీ" అంది. బొమ్మ పొట్ట నొక్కితే వచ్చే మాటలా ఉంది. తర్వాత ఇంకో గొంతు. లావుగా, కాస్త గరుకుగా, తాపీగా. ఏ మాట దగ్గర ఆగాలో, ఏ మాట నొక్కాలో దానికి బాగా తెలుసు. నవ్వినప్పుడు గదిలో బల్లలు జరిపినట్టుంది. అలాంటి గొంతున్న మనిషి బస్సులో పక్కన కూర్చుంటే, దిగాల్సిన చోటు దాటిపోయినా వింటూ కూర్చుంటాం.

"ఈవిడ ఎవరు?" అన్నాను.

"మీరే. ముందు మాట్లాడినావిడ ఎవరో నాకు తెలీదు," అంది.

ఆసుపత్రి మాటలన్నీ ఆ రెండో గొంతుతోనే చదివాను. పిల్లల డాక్టరు కోసం ఒకటి నొక్కండి, ఎముకల డాక్టరు కోసం రెండు నొక్కండి. ఆ ముక్కలు చదవడంలో అంత ఆనందం ఉంటుందని ఎవరైనా చెప్తే నమ్మేదాన్ని కాదు.

ఇంటికి బస్సులో వెళ్ళాను. కిటికీ పక్క సీటు ఖాళీగా ఉంది. కూర్చుని, కళ్ళు తిరగడం కోసం ఎదురుచూశాను. తిరగలేదు. గాలి మొహానికి కొట్టింది, చెప్పుల కొట్టు, మంగలి షాపు, బండి మీద పళ్ళు అమ్మేవాడు, అన్నీ నాకోసమే వరసగా వచ్చి పోతున్నట్టున్నాయి. కళ్ళు తిరిగిన మాట నిజమే. మా అమ్మాయి కడుపులో ఉన్నప్పుడు ఒక్కసారి. అది పుట్టి పదోతరగతికి వచ్చినా నేనింకా నడవ పక్కనే కూర్చుంటున్నాను.

"అమ్మా, గొంతేంటి అలా ఉంది, జలుబా?" అంది మా అమ్మాయి, తలుపు తీస్తూనే.

"బొంగురు పోయింది. వేడినీళ్ళు తాగు," అన్నారు మా ఆయన.

ఆ వారం కోతికి కొబ్బరికాయ దొరికినట్టు నాకో కొత్త పని దొరికింది. ఏ పని చేస్తున్నా ఆగి, ఇది నాకిష్టమేనా అని నన్ను నేను అడిగేదాన్ని. జవాబు వెంటనే వచ్చేది కాదు. అలవాటు లేదు కదా. కాస్త ఓపిక పడితే లోపల్నుంచి చిన్నగా వచ్చేది. పాలు పోసిన టీ నాకిష్టం లేదు. కూరలో ఇంకాస్త కారం కావాలి. పక్కింటావిడ గంటలు గంటలు చెప్పే కోడలి కబుర్లు వినడం ఇష్టం లేదు, ఆవిడ నవ్వు మాత్రం ఇష్టం. అన్నీ తారుమారు కాలేదు. బట్టలు ఇస్త్రీ చేయడం నాకు సరదా అంటారు మా ఇంట్లో. అది కూడా అంటగట్టిందే అయ్యుంటుందని పెట్టె వేడిచేసి పరీక్షగా ఒక చొక్కా తీశాను. ముడతలు పోయి బట్ట నున్నగా సాగుతుంటే, ఆ వెచ్చటి వాసనకి, నిజంగానే హాయిగా ఉంది. ఇది నాదే. ఒక్కదాన్నే నవ్వుకున్నాను.

పడుకునేటప్పుడు, "నేను గోడ వైపు పడుకుంటా," అన్నాను. మా ఆయన వింతగా చూసి జరిగారు. పొద్దున కళ్ళు ఎర్రగా చేసుకుని వంటింట్లోకొచ్చి, "అమ్మ రాత్రి అన్నిసార్లు పిలుస్తుందా? రోజూ ఇంతేనా?" అని అడిగారు. "రోజూ ఇంతే," అన్నాను. ఆయన మంచినీళ్ళు తాగి వెళ్ళిపోయారు. చెడ్డ మనిషి కాదు. ఆ మాట చాలామంది నాకు చెప్పారు, నేనూ నాకు చెప్పుకున్నాను. ఇప్పుడు మాత్రం దాని పక్కన ఇంకో మాట పెట్టగలిగాను. చెడ్డ మనిషి కాదు, నాకు ఆయన మీద కోపంగా ఉంది. రెండూ ఒకేసారి ఒకే చోట ఇమిడాయి.

శుక్రవారం రికార్డింగు విని మేనేజరు పిలిచారు. "ఏంటమ్మా ఇది, మన తేనెపట్టేనా? గంభీరంగా ఉంది. మళ్ళీ రికార్డు చేద్దాం. కాస్త నవ్వుతూ."

"ఒంట్లో బాగాలేకే కదండీ మనకి ఫోన్ చేస్తారు. వాళ్ళతో నవ్వుతూ మాట్లాడటం ఎందుకు?" అన్నాను. "ఇది నా గొంతు. ఆ గొంతు ఇక నా దగ్గర లేదండీ."

ఆయన నా మొహంలోకి చూసి, సరే, ఆలోచిద్దాం, అన్నారు. సాయంత్రానికి తెలిసింది, రిసెప్షన్లో కొత్తగా చేరిన అమ్మాయి చేత చదివిస్తున్నారని. బస్సులో కూర్చున్నాక గొంతులో ఏదో అడ్డం పడింది. తలనొప్పి అనబోయి ఆగాను. ఇది బాధ. నా గొంతు వద్దన్నారని బాధ. దాని పేరు దానికి పెట్టి పిలిచేసరికి అది నా పక్కన బుద్ధిగా కూర్చుంది. కిటికీలోంచి చూస్తూ కాసేపు ఏడ్చాను. దిగేటప్పటికి తేలిగ్గా ఉంది, మాత్ర వేసుకోలేదు.

ఆదివారం మరిది వాళ్ళు వచ్చారు. పిల్లలు లోపల ఆడుకుంటున్నారు. హాల్లో అత్తయ్య మంచం మీద, మిగతావాళ్ళం కుర్చీల్లో. మా తోడికోడలు బ్యాంకులో పని చేస్తుంది, పొద్దున వెళ్తే చీకటి పడ్డాకే వస్తుంది. మా మరిది ఏ గది ఎవరిదో అప్పుడే పంచేశాడు.

"వంటిల్లు చూశావా అన్నయ్యా, ఎంత ఉందో. వదినకి స్వర్గమే. మా ఆవిడకి ఎలాగూ వంట పడదు. వదినకి నలుగురికి వండి పెట్టడమంటే ప్రాణం," అన్నాడు.

"అక్క ఉంటే పిల్లల గురించి నాకు బెంగ ఉండదు," అంది తోడికోడలు. మనస్ఫూర్తిగానే అంది, పాపం.

నా గుండె ఎంత గట్టిగా కొట్టుకుంటోందో నాకు వినపడుతోంది. భయమా అని చూసుకున్నాను. భయం ఉంది. దాని కింద ఇంకోటి ఉంది, ఎత్తైన జారుడుబల్ల ఎక్కి కూర్చున్న చిన్నపిల్లకి ఉండేది.

"నాకు ఆ ఇల్లు ఇష్టం లేదు," అన్నాను.

లావుపాటి గొంతే వచ్చింది. ఎక్కడికీ పోలేదు. మా మరిది నవ్వాడు, వదిన జోకేసిందని. మా అమ్మాయి లోపల్నుంచి వచ్చి గుమ్మంలో నిలబడింది. మా ఆయన నా వైపు వంగి, మెల్లగా, "తలనొప్పిగా ఉందా?" అన్నారు.

"తల బాగానే ఉంది."

"మరి నీకు అందరూ ఉంటే ఇష్టం కదా."

"అందరూ వస్తే ఇష్టం. వచ్చి, వాళ్ళింటికి వాళ్ళు వెళ్తే ఇష్టం. ఎనిమిదిమందికి వండటం ఇష్టం లేదు. నాకు నా ఉద్యోగం ఉంది, సాయంత్రం బస్సు దిగాక కాసేపు ఊరికే నడవాలని ఉంది. మీరు మన కళ్ళద్దాల షాపుకి వచ్చిన ప్రతి మనిషినీ, ఇది బాగుందా, అది బాగుందా, ఇప్పుడెలా ఉంది, అని విసుగు లేకుండా అడుగుతారు. వాళ్ళు చెప్పేదాకా ఆగుతారు. నన్ను ఒక్కసారి అలా అడగండి."

తోడికోడలు ఒళ్ళో చేతులు చూసుకుంటోంది. మా మరిది మొహం ముడుచుకుంది. "మాకోసం కాదు వదినా. అమ్మ కోసమే కదా ఇదంతా," అన్నాడు.

నేను అత్తయ్య వైపు తిరిగాను. "అత్తయ్యా, మీకు ఆ ఇల్లు ఇష్టమేనా?"

"అమ్మకి ఇష్టమే," అన్నారు కొడుకులిద్దరూ ఒకేసారి.

"మిమ్మల్ని కాదు, ఆవిణ్ణి అడిగాను."

అత్తయ్య మమ్మల్ని ఒక్కొక్కరినే చూసింది. ఎవరో పొరపాటున తన పేరు పిలిచినట్టు, "నన్నా?" అంది. నేను ఆగాను. స్టూడియోలో ఆ అమ్మాయి ఆగినట్టే.

"మేడ నాకెందుకే," అంది చివరికి. "నాకో గది కావాలి. చిన్నదైనా పర్లేదు. తలుపుకి లోపల గడియ ఉండాలి."

ఆవిడకి అలాంటి గొంతు ఉందని నాకు తెలీదు. ఈ హాల్లోనే, అందరూ వచ్చిపోయే దారిలో, టీవీకి ఎదురుగా ఉన్న మంచం మీద ఇన్నేళ్ళుగా పడుకుంటోంది. లోపల చిన్నగది ఒకటి ఉంది, షాపు తాలూకు పాత ఫ్రేముల అట్టపెట్టెలు పెట్టుకుంటారు అందులో.

"అదేంటమ్మా," అన్నారు మా ఆయన, "నీకు హాల్లోనే ఇష్టం కదా, అందరూ కనిపిస్తూ ఉంటారని నువ్వే..."

అక్కడ ఆగిపోయారు. తన మాట తనకే వినపడినట్టుంది. మెల్లగా తల తిప్పి నా వైపు చూశారు. అంత తడబాటు ఆయన మొహంలో నేనెప్పుడూ చూడలేదు.

"నేనెప్పుడన్నానురా," అంది అత్తయ్య. "లైటు ఉంటే నాకు నిద్రే పట్టదు."

గుమ్మంలోంచి మా అమ్మాయి కిసుక్కుమని నవ్వి, వెంటనే నోరు మూసుకుంది. అప్పుడే మా ఆయన ఫోన్ మోగింది. మేడ ఇంటి ఓనరు. ఆయన ఫోన్ చేత్తో పట్టుకుని, తీయకుండా, ముందు తమ్ముణ్ణి చూశారు, తర్వాత వాళ్ళమ్మని, ఆ తర్వాత నన్ను.

"ఏం చెప్పమంటావు?" అన్నారు. ఈసారి అది నిజంగా ప్రశ్నే.

"ఇలా ఇవ్వండి," అన్నాను, చెయ్యి చాపి. "నేను మాట్లాడతాను."